పాట మాది, తఖల్లుస్ నీదా?

మొన్న కోదాడలో మా దగ్గరి రిష్తేదార్ల షాదీ. బరాత్ బయల్దేరింది. ముందు డీసీఎం వ్యాన్, దాని మీద మనిషెత్తు బాక్సులు. బేస్ కొట్టినప్పుడల్లా పక్కన కిరాణా దుకాణం షట్టర్ గడగడలాడుతోంది. మిర్యాలగూడ నుంచి వచ్చిన మా ఖాలా ఆటోలో చెవులకు దుపట్టా చుట్టుకొని కూర్చుంది. ఉన్నట్టుండి దుపట్టా తీసేసి నా వైపు వంగింది.

“అరే, యే తో మేరీచ్ ఆవాజ్ హై!”

నిజమే, ఆమె గొంతే. రెండేళ్ల కింద మిర్యాలగూడలో ఒక మంజా రోజు ఖాలా ఢోలక్ ముందేసుకొని సమ్ధన్‌ని ఆటపట్టిస్తూ పాడిన గీత్ అది. మా భాంజా ఫోన్‌లో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాడు. అక్కడి నుంచి ఏ గ్రూపులో తిరిగిందో, సూర్యాపేట వైపు డీజే ఒకతని చేతిలో పడింది. ఖాలా ఒక మిస్రా పాడుతుంది, కింద తీన్‌మార్, పైన ఉరుములాంటి గొంతుతో అతని పేరు. మళ్లీ ఒక మిస్రా, మళ్లీ అతని పేరు. ఇంటికొచ్చి యూట్యూబ్‌లో వెతికి విని లెక్కపెట్టాను. 11 సార్లు అతని పేరు. ఖాలా పేరు ఒక్కసారి కూడా లేదు. పాట కింద రాసిన దాంట్లోనూ లేదు.

దస్తర్‌ఖాన్ దగ్గర బహస్ మొదలైంది. పెద్దవాళ్లు “డీజే అంటేనే హరామ్, ఇక పేరెందుకు, గీరెందుకు” అన్నారు. పిల్లలేమో “పాత పాటను బతికించాడు, ఖుష్ కావాలి గానీ కోపమెందుకు మామూ” అన్నారు. నాకు రెండు మాటలూ మింగుడు పడలేదు.

మూసీఖీ జాయెజా కాదా అన్నది ఉలమా తేల్చే మస్లా. దాన్ని అడ్డం పెట్టుకొని ఈ మస్లా నుంచి తప్పించుకోవడం నాకు నచ్చదు. హరామ్ అన్న పెద్దమనిషే రాత్రి బరాత్‌లో డీజే అబ్బాయికి వంద నోటు తిప్పి ఇచ్చాడు, నేను చూశాను. ఇక పాట బతికిందనే వాదన. పాట బతికి, పాడినామె గల్లంతయితే అది ఏం బతుకు?

నేను రీమిక్స్‌కి దుష్మన్‌ని కాను. మన ఖవ్వాలీలోనే ఆ పని ఉంది. ఖవ్వాల్ ఒక కలామ్ పాడుతూ మధ్యలో ఇంకో షాయర్ షేర్ తెచ్చి గిరహ్ కడతాడు, మళ్లీ మొదటి మిస్రాకి వచ్చి వాలుతాడు. మెహఫిల్ అంతా వాహ్ వాహ్ అంటుంది. ఒకరి మాటను ఇంకొకరి మాటతో ముడేయడం మనకు కొత్త కాదు.

నుస్రత్ ఫతే అలీ ఖాన్ సంగతి చూడండి. 1990లో పీటర్ గేబ్రియల్ కంపెనీ రియల్ వరల్డ్ నుంచి ‘మస్త్ మస్త్’ ఆల్బమ్ వచ్చింది. మైకేల్ బ్రూక్ దాన్ని తయారుచేశాడు. ఆ పాటను బ్రిస్టల్ వాళ్లు, మాసివ్ అటాక్, తమ తరహాలో రీమిక్స్ చేశారు. తర్వాత 1997లో ‘స్టార్ రైజ్’ అని మొత్తం ఆల్బమే వచ్చింది. టాల్విన్ సింగ్, నితిన్ సాహ్నీ, ఏషియన్ డబ్ ఫౌండేషన్, జోయ్, స్టేట్ ఆఫ్ బెంగాల్... ఇంగ్లండ్‌లో ఉన్న దేశీ పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో పాట తీసుకొని తమ కంప్యూటర్లలో తిరగేసి మరగేశారు. ఆ ఏడాదే ఆగస్టు 16న ఖాన్ సాహెబ్ లండన్‌లో ఇంతఖాల్ అయ్యారు. అందులో ఒకట్రెండు పాటల్లో ఆయన గొంతును కొత్తిమీర లాగా పైపైన చల్లారు, నాకు నచ్చలేదు. అది నా టేస్ట్. కానీ అట్ట మీద ముందున్న పేర్లు ఖాన్ సాహెబ్‌వి, బ్రూక్‌వి. రీమిక్స్ చేసినవాళ్ల పేర్లు లోపల, ఎవరి పాట పక్కన వాళ్లవి. ఇవాళ మన బరాత్‌లలో ఆ తర్తీబ్ తలకిందులైంది.

గజల్ రాసే షాయర్ ఆఖరి షేర్‌లో, మఖ్తాలో, తన తఖల్లుస్ పెట్టుకుంటాడు. అది అతని దస్తఖత్. మీర్ గజల్ మఖ్తా కోసేసి, అక్కడ నా తఖల్లుస్ తగిలించి ముషాయిరాలో చదివితే ఏం చేస్తారు? చెప్పులు విసురుతారు. డీజే ట్యాగ్ అదే పని చేస్తోంది, పైగా ఆఖర్న ఒక్కసారి కాదు, మిస్రా మిస్రాకీ. మనం చెప్పులు విసరకపోగా ఆ చెప్పులతోనే డాన్స్ చేస్తున్నాం.

ఇట్లా పేర్లు పోవడం మొదటిసారేం కాదు. లాల్ షహబాజ్ ఖలందర్ మీద పాడే ‘మస్త్ ఖలందర్’ లేని బరాత్ నేను చూడలేదు. ఇప్పుడు మనం ఎగురుతున్న ఆ బాణీ 1956లో వచ్చిన పాకిస్తానీ సినిమా ‘జబ్రూ’ కోసం మాస్టర్ ఆషిఖ్ హుసేన్ కట్టింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మొత్తం తిరిగి ఆ పేరు అడగండి. తీన్‌మార్ సంగతీ అంతే. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు, నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌లో పనిచేసిన సిద్దీలు హైదరాబాద్‌లో వాయించిన మర్ఫా అది. ఏసీ గార్డ్స్ మొహల్లాకి ఆ పేరు ఎందుకొచ్చిందో తెలియనివాళ్లు కూడా తీన్‌మార్‌కి కాలు కదుపుతారు.

ఖానూన్ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే మా భాంజా “షాదీల్లో కాపీరైట్ లేదు కదా మామూ” అన్నాడు. సగం నిజం. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం షాదీ బరాత్‌లో పాట వినిపిస్తే ఉల్లంఘన కాదు. ఆ రియాయత్ వినిపించడానికి. ఒకరి ఆవాజ్ తీసి కోసి కలిపి, సొంత పేరుతో యూట్యూబ్‌లో ఎక్కించడానికి కాదు. 2012లో చట్టాన్ని సవరించినప్పుడు 38బీ అని ఒక సెక్షన్ చేర్చారు. పాడినవాళ్లకి, ఈ ఆవాజ్ నాది అని చెప్పించుకునే హఖ్ అందులో ఉంది. తమ ఇజ్జత్ పోయేలా దాన్ని వంకర చేస్తే అడ్డుకునే హఖ్ కూడా ఉంది. పద్మశ్రీలు వచ్చినవాళ్లకే అని అందులో ఎక్కడా రాయలేదు. ఢోలక్ ముందు చాప మీద కూర్చున్న ఆడమనిషి కూడా గాయనే.

డీజే పిల్లల మీద నాకు నఫ్రత్ లేదు. చాలామంది మన మొహల్లా పిల్లలే. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ మీద ఎఫ్‌ఎల్ స్టూడియో సొంతంగా నేర్చుకున్నవాళ్లు. ఢోలక్ లయ తప్పకుండా దానికింద బీట్ కూర్చోబెట్టడం హునరే. ఆ హునర్‌కి అతని పేరు రావాలి, అదీ ఇన్సాఫే. అసలు ఖసూర్ మనది. డీజేకి నెల ముందే అడ్వాన్స్ ఇస్తాం. మంజాకి, సాంచఖ్‌కి రాత్రంతా గొంతు పోయేలా పాడిన మిరాసన్లకి పొద్దున ఒక పాత చీర, బిర్యానీ పొట్లం. ఇంటి ఆడవాళ్లయితే అదీ లేదు, వాళ్లు పాడటం ఒక పని కిందే లెక్క కాదు. మన ఇళ్లలో పాడినామె పేరు మనమే పలకనప్పుడు సూర్యాపేట పిల్లాడు ఎందుకు పలుకుతాడు? అడ్వాన్స్ చేతిలో పెట్టేటప్పుడే చెప్పండి భాయీ: ఎవరి గొంతో వాళ్ల పేరు ముందు రావాలి, అడగకుండా తీసిన ఆవాజ్ మా బరాత్‌లో మోగొద్దు. డబ్బులిచ్చేది మనమే కదా.

మా భాంజా ఆ డీజేకి ఫోన్ చేశాడు. అతను మంచిగానే మాట్లాడాడట. “ఆంటీ పేరు పెడితే ఎవరు నొక్కుతారు భయ్యా” అన్నాడట. వాడు స్పీకర్‌లో పెట్టే మాట్లాడాడు కాబట్టి ఖాలా కూడా విన్నది. పేరు గురించి ఆమె ఏమీ అనలేదు. ఆమె బాధ వేరే. ఆ గీత్‌లో సమ్ధన్‌ని ఎగతాళి చేసే బంద్‌లు నాలుగు, చివర ఒక బంద్ దుల్హన్ అమ్మీ మాటగా ఉంటుంది, బిడ్డను పంపుతూ అనేది. అక్కడ ఢోలక్ మెల్లగా అవుతుంది. రీమిక్స్‌లో అది లేదు. ఎగరడానికి పనికిరాదని కోసేశాడు. మా నానీ నుంచి ఖాలాకి వచ్చిన పాట అది, నానీ ఆ బంద్ దగ్గరే ఏడ్చేదట.

“ఫోన్ ఇటియ్యి” అంది ఖాలా. కళ్లద్దాలు సర్దుకొని, స్పీకర్‌కి నోరు దగ్గరగా పెట్టి, ఆ చివరి బంద్ మొత్తం ఆ పిల్లాడికి పాడి వినిపించింది.