ఔషధశాలలు - సూక్ష్మజీవుల హద్దులు

కన్ను పొడిబారినవారు వాడుకొను ఒక చుక్కలమందు మూలమున, ఏ మందునకును సులభముగా లొంగని సూడోమోనాస్ అను సూక్ష్మజీవి 2023లో అమెరికా సంయుక్త రాష్ట్రములందు వ్యాపించెను. ఆ యేడు మే నెల నాటికి 18 రాష్ట్రములలో 81 మంది రోగులను అచ్చటి వ్యాధినిరోధక కేంద్రమువారు లెక్కించిరి. నలుగురు మరణించిరి, 14 మందికి చూపు పోయెను, నలుగురికి కనుగ్రుడ్డునే తీసివేయవలసి వచ్చెను. ఆ మందు తయారైనది మన దక్షిణదేశముననే, చెన్నపట్టణము చేరువనున్న ఒక కర్మాగారమున. అచ్చట తగిన సూక్ష్మజీవ పరీక్షలు జరుగుట లేదని అమెరికా ఔషధశాఖవారు ప్రకటించిరి.

నూరేండ్లకు లోపుననే స్థితి ఎంత తారుమారైనదో చూడుడు! పరపాలనదినములలో, క్వినైను మొదలగు మందులు నాసివియు కల్తీవియు సముద్రము దాటివచ్చి మన బజారులను నింపుచున్నవని మన ప్రతినిధులు మొరపెట్టిరి. 1930లో చోప్రాగారి అధ్యక్షతను విచారణసంఘ మేర్పడుటకును, పిదప 1940లో ఔషధముల చట్టము పుట్టుటకును ఆ మొరయే కారణము. నాడు వాది మనము. నేడు ప్రతివాది స్థానమున నిలువవలసి వచ్చినది. ఈ సిగ్గు తొలగు దారి ఏది? పలువురు పైపై చూచి వదలుచున్న ఒక చిన్న విషయమున ఆ దారి కలదని మా యభిప్రాయము. అదియే ఔషధశాలలలో సూక్ష్మజీవుల హద్దులను నిర్ణయించుట.

సూదిమందులు, కంటిమందులు తయారుచేయు గదులను శుద్ధినిబట్టి ఏ, బి, సి, డి అను నాలుగు తరగతులుగా విభజింతురు. పోషకద్రవ్యము పోసిన పళ్లెములను ఆ గదులలో తెరచియుంచియు, గోడలకును బల్లలకును అద్దియు, గాలిని కొలతప్రకారము వానిపైకి పీల్చియు, కొన్ని దినములు వెచ్చగా నుంచి, మొలచిన గుంపులను లెక్కింతురు. 2022లో సవరింపబడి 2023 ఆగస్టు 25 నుండి అమలునకు వచ్చిన ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారము ఘనమీటరు గాలిలో బి తరగతికి 10, సి తరగతికి 100, డి తరగతికి 200 గుంపులు పరమావధి. మందును సీసాలో నింపు ఏ తరగతి స్థలమున ఒక్కటియు మొలవరాదు.

ఈ సంఖ్యల పట్టికను గోడకు తగిలించినంతమాత్రమున శుద్ధి సిద్ధించినదని భ్రమించువారు మనలో పెక్కురు. పళ్లెము చెప్పు సాక్ష్యము స్వల్పము. అది గదిలోని గాలిలో కొద్దిభాగమునే పట్టును. పట్టినదానిలోను అన్ని జీవులు మొలవవు. మొలచినది తెలియునప్పటికి మందు సీసాలలో చేరి దినములు గడచియుండును. కావున ఒక పూట సంఖ్యకన్న దాని నడక ముఖ్యము. బి తరగతి గదిలో సంవత్సరము పొడవున సున్నయో ఒకటియో వచ్చుచుండి, ఉన్నట్లుండి నాలుగు, ఆరు, ఎనిమిది వచ్చినచో పట్టిక మాటాడదు. పది దాటలేదు గదా! కాని గాలివడపోతయో, పనివారి చేతితొడుగులో, తుడుచు పద్ధతియో చెడినదని ఆ నడకయే చాటుచున్నది.

అందువలననే చర్యకు హద్దు వేరు, హెచ్చరికకు హద్దు వేరు. మొదటిదానికి పరమావధిని నిబంధన చెప్పును. రెండవదానిని కర్మాగారము తన గదుల పూర్వఫలితములనుండి తానే కట్టుకొని, ఎప్పటికప్పుడు సరిచూచుకొనవలెనని ఐరోపావారి నిబంధనయే శాసించుచున్నది. అమెరికా ఔషధగ్రంథము ఇంకొక అడుగు ముందునకు వేసి, ఎన్ని గుంపులు మొలచినవని కాక, నూటికి ఎన్ని పళ్లెములలో మొలచినదని చూచుట మేలని చెప్పుచున్నది.

హెచ్చరికహద్దును బిగించినచో గంట తరచుగా మ్రోగును, పని యాగును, వ్యయము పెరుగును, పరదేశపు తనిఖీదారు మన హద్దుతోనే మనలను పట్టుకొనును అని కొందరు వాదింతురు. ఈ భయముననే హెచ్చరికను చర్యహద్దు ప్రక్కకు జరిపి నిశ్చింతగా నుండువారు కలరు. గంట నాలుకను గోసినంతమాత్రమున దొంగ రాకుండునా? గంట మ్రోగినను లేవని యింటికి ఏమి గతి పట్టునో 2012లో అమెరికాయే చూచినది. మసాచుసెట్స్ రాష్ట్రమున ఒక మందులశాలవారు కలిపిన సూదిమందులో బూజు చేరి, వెన్నులో సూది వేయించుకొన్నవారిలో 60 మందికి పైగా మరణించిరి. అచ్చటను హద్దులు లేకపోలేదు. ఆ హద్దులు మాటిమాటికి దాటినట్లు వారి పుస్తకములలోనే యున్నను, దిద్దుబాటు జరిగిన జాడ లేదని ప్రభుత్వ పరిశోధకులు తేల్చిరి. దాటిననాడు చర్య లేని హద్దు వట్టి సిరాగీత.

ఇంకొక రోగము దీనికన్న లోతైనది. పళ్లెములో కానవచ్చు గుంపులకును పుస్తకములో నెక్కిన అంకెకును పొంతన లేదని మన దేశపు కర్మాగారములను గూర్చి అమెరికా తనిఖీదారులు వ్రాసిన సందర్భములు కలవు. ఎల్లప్పుడును సున్న చూపు లెక్క శుద్ధికి గుర్తు కాదు. భయమునకు గుర్తు కావచ్చును. సంఖ్య చెప్పినవానికి తిట్లును, దాచినవానికి మెప్పును దొరకు చోట ఏ హద్దును నిలువదు.

ఈ విషయమున తెలుగువారి బాధ్యత యధికము. 1961లో స్థాపితమైన ఐ.డి.పి.ఎల్. సంస్థ హైదరాబాదున నెలకొల్పిన కర్మాగారమున పని నేర్చినవారినుండియే నేటి మన ఔషధపరిశ్రమ యెదిగినది. హైదరాబాదు పరిసరములనుండియు, విశాఖపట్టణము చెంతనున్న పరవాడనుండియు మందులు ఖండాంతరములకు పోవుచున్నవి. కాని పరదేశములకు పంపు శాలలో ఒక శుద్ధియు, మన పల్లెల వైద్యశాలలకు పంపు శాలలో వేరొక శుద్ధియు నుండుట న్యాయమా? పరదేశపు తనిఖీదారు వచ్చునను భయమున ఒకచోట పాటించిన నియమమును, అడుగువాడు లేడను ధైర్యమున వేరొకచోట విడుచుట స్వాతంత్ర్యమును పొందిన జాతికి తగదు.

1945 నాటి ఔషధనిబంధనలలోని ఎం అనుబంధమును కేంద్రప్రభుత్వమువారు 2023 డిసెంబరులో సమూలముగా సవరించి, చిన్న పరిశ్రమలకు తొలుత ఒక యేడు గడువిచ్చి, పిమ్మట దానిని 2025 డిసెంబరు 31 వరకు పొడిగించిరి. చిన్నవారి కష్టము మేమెరుగుదుము. సూక్ష్మజీవశాస్త్రజ్ఞుని జీతమును పరీక్షాశాల వ్యయమును వారికి బరువే. దానికి మందు గడువులు పెంచుట కాదు. పారిశ్రామికవాడకొకటిగా ఉమ్మడి పరీక్షాశాలలను రాష్ట్రప్రభుత్వములు నెలకొల్పవలయును. పళ్లెము చదువనేర్చిన తనిఖీదారులను నియమింపవలయును. హద్దు దాటినప్పుడు పనిని నిలుపు అధికారము, ఉత్పత్తి పెంచవలసిన యధికారికి లోబడని సూక్ష్మజీవశాస్త్రజ్ఞునికి ఉండవలయును. ప్రతి శాలయు తన హద్దులను తన లెక్కలనుండియే కట్టి ఏటేట తిరిగి చూచుకొనవలయును.

రోగి సీసాలోనికి తొంగిచూడలేడు. అతడు వైద్యుని నమ్మును. వైద్యుడు శాలను నమ్మును. శాల తాను గీచిన గీతను తానే మన్నింపనిచో ఆ నమ్మకమునకు ఆధార మేది? ప్రభుత్వమువారును పరిశ్రమాధిపతులును ఈ ప్రశ్నకు పరదేశపు లేఖ వచ్చువరకు వేచియుండక, తామే సమాధానము చెప్పుదురుగాక!