సీతకు ఆవు తల్లి కాదు

క్లాసులు, ఇన్‌హెరిటెన్సు లేని ఫంక్షనల్ భాషలో లోకమును చిత్రింపజాలమని, సంక్రాంతికి మా వినుకొండ వచ్చిన నా పూర్వవిద్యార్థి యొకడు తీర్పు చెప్పెను. నేనొప్పను.

చిన్నయసూరి బాలవ్యాకరణమునే తలచుకొనుడు. రాముడు వచ్చినాడు, ఆవు వచ్చినది, సీతయు వచ్చినది. బహువచనమున ఆవులు వచ్చినవి. స్త్రీలు మాత్రము పురుషులవలెనే వచ్చినారు. అనగా స్త్రీవాచకమగు మహతి ఏకవచనమున అమహత్తువలె, బహువచనమున మహత్తువలె నడచును. ఇక దానికి తల్లి క్లాసు ఏది? జావాలో ఒక క్లాసునకు ఇద్దఱు తల్లులు నిషిద్ధము. ఫంక్షనల్ భాషలోనో, వచనమును చూచి తగిన సూత్రమును పిలుచు ఒక్క ఫంక్షను చాలును.

"పిల్ల మార్చిన పద్ధతిని తల్లి సూత్రము గుర్తింపవలదా?" అందురు. ఆ వస్తువునే సూత్రమునకు ఆర్గ్యుమెంటుగా అందించిన సరి. విలియం కుక్ తన 1989 నాటి సిద్ధాంతగ్రంథమున ఇన్‌హెరిటెన్సును ఈ త్రోవనే వివరించెను.

"ఒక్కతెనైతే నేను ఆవుతో సమానమా, మాస్టారూ?" అని మునుపు తరగతిలో ఒక బాలిక అడిగినది. నాడు తడబడితిని. నేడు చెప్పుదును: కాదమ్మా, నీది ఆవు వంశము కాదు, మీ ఇరువురకు ఒక ప్రత్యయము ఉమ్మడి, అంతియే. నడత కలిసినంత మాత్రమున చుట్టఱికము కల్పించుటయే క్లాసుల దోషము.