పేరు లేని వేరు కాపురాలు

ఆమధ్య ఒక శుక్రవారం రాత్రి ఆఫీసులో పరీక్షలకి వాడే లినక్స్ మెషీన్‌ని రీబూట్ చెయ్యాల్సొచ్చింది. ఇంకెవరైనా వాడుతున్నారేమోనని ‘ఐపీ నెట్‌ఎన్‌ఎస్ లిస్ట్’ అని కొట్టి చూశాను. ఒక్క పేరూ రాలేదు. ఎవరూ లేరనుకుని రీబూట్ చేశాను. సోమవారం పొద్దున్న తెలిసింది, మా సహోద్యోగి అందులో ఒక కంటైనర్‌లో మూడు రోజులుగా నడుపుతున్న పరీక్ష కాస్తా పోయిందని.

తొందరపడ్డది నేనే. కాని ఆ కమాండు అలా ఎందుకు చెప్పిందో చూడాలి కదా!

నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ అంటే ఒకే కెర్నెల్ కింద వేరు కాపురం అన్నమాట. దేని ఇంటర్‌ఫేసులు దానివే, దేని రౌటింగ్ టేబుల్ దానిదే. అందుకే ఒకే మెషీన్‌లో రెండు వెబ్ సర్వర్లు 80వ పోర్టు కోసం తగువు పడకుండా ఉండగలవు. 2008 జనవరిలో వచ్చిన 2.6.24తో లినక్స్‌లో ఇది మొదలైంది. అప్పటికే ఉన్న కాపురంలోకి బయటినుంచి వెళ్ళే దారి, అంటే ‘సెట్‌ఎన్‌ఎస్’ అనే సిస్టమ్ కాల్, 2011లో 3.0తో గాని రాలేదు.

ఈ కాపురాలకి కెర్నెల్ పేర్లు పెట్టదు. ‘ప్రోక్’లో ఉన్న ఒక ఫైలుని తెరిచి, ఆ డిస్క్రిప్టర్‌ని సెట్‌ఎన్‌ఎస్‌కి ఇస్తే లోపలికి వెళ్తాం. నా మటుకు నాకు ఇది మంచి నిర్ణయమే. కెర్నెల్‌లోనే పేర్లు పెడితే, కంటైనర్ లోపల ఇంకో కంటైనర్ ఉన్నప్పుడు ఎవరి పేరు ఎవరికి కనబడాలన్న కొత్త తగువు మొదలవుతుంది. ఫైలైతే ఎప్పటినుంచో ఉన్న పద్ధతులే సరిపోతాయి.

చిక్కంతా పేర్లని యూజర్ స్పేస్‌కి వదిలేశాక వచ్చింది. ‘ఐపీ’ కమాండు తన పేర్లని ‘వార్ రన్ నెట్‌ఎన్‌ఎస్’లో దాచుకుంటుంది. కంటైనర్ సాఫ్ట్‌వేర్ తనవి ఇంకోచోట పెట్టుకోవచ్చు. నేను చూసిన జాబితా మెషీన్‌ది కాదు, ఆ ఒక్క కమాండుది! ప్రాసెస్‌లని బట్టి నేమ్‌స్పేసులని చూపించే ‘ఎల్‌ఎస్‌ఎన్‌ఎస్’ 2016లో గాని రాలేదు.

గోడ కట్టేవాళ్ళు లోపల ఎవరున్నారో చూసే కిటికీ కూడా ఆరోజే పెట్టాలని నా అభిప్రాయం. యూజర్ స్పేస్‌కి ఒకసారి ఇచ్చిన ఇంటర్‌ఫేస్‌ని లినక్స్ వెనక్కి తీసుకోదు. పైగా ఎవరి అలవాట్లు వాళ్ళకి పడిపోయాక అందరినీ ఒక దారికి తేవడం మరీ కష్టం.

ఇప్పుడు నేను రీబూట్‌కి ముందు రూట్‌గా ఎల్‌ఎస్‌ఎన్‌ఎస్ కొట్టి చూస్తున్నాను. ఆపైన ఒకసారి సహోద్యోగిని కూడా అడుగుతున్నాను.