నోటి కొర్రీలు మాని కాగితం మీద రాసివ్వండి

మండలాఫీసు మెట్ల మీద కూర్చున్న రైతు ఎవరిని పలకరించినా ఒకటే మాట: "గుమాస్తా కొర్రీ పెట్టాడండీ". ఏం కొర్రీ అని అడిగితే సరిగా చెప్పలేరు. మొన్న ఒక పెద్దాయన, చనిపోయిన తండ్రి పేరిట ఉన్న ఎకరంన్నర చెక్కను తన పేరున మార్పించుకోవడానికి నాలుగోసారి వచ్చారు. మొదటిసారి మరణ ధృవీకరణ పత్రం లేదన్నారు. అది తెస్తే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు అన్నారు. అదీ తెస్తే, తండ్రి పేరు పాసు పుస్తకంలో వెంకయ్య, రేషను కార్డులో వెంకటయ్య అని ఉందన్నారు. నాలుగోసారికి ఆ గుమాస్తా ఓటర్ల జాబితా పని మీద వెళ్లారు. ఈ మూడు లోపాలూ తొలిరోజు తెచ్చిన కాగితాలు తిరగేస్తే తెలిసేవే. పోయిన నాలుగు రోజుల కూలి, బస్సు చార్జీలు ఎవరి లెక్కలో రాయాలి?

1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. 1985లో మండలాలు వచ్చి తాలూకా కేంద్రానికి వెళ్లే ప్రయాణం తగ్గింది. 2011లో మీసేవ, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. అర్జీ ఊళ్లోనే ఇవ్వవచ్చు, సంతోషమే. కాని భూమి అర్జీ చివరకు చేరేది మండలాఫీసులోని ఆ బల్ల మీదికే.

గుమాస్తా పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. కాగితాల్లో ఆయన జూనియర్ అసిస్టెంటు. సంతకం తహశీల్దారుది, కింద నోటు రాసేది ఈయన. రేపు ఆ భూమి మీద తగాదా వచ్చి విచారణ జరిగితే "ఈ నోటు ఎవరు పెట్టారు?" అని మొదట అడిగేది ఈయననే. పైగా ఖాళీగా ఉన్న పక్క సీటు పని కూడా చాలాచోట్ల ఈయన నెత్తినే. ఆ భయంతో కొర్రీ పెట్టేవారున్నారు. చేయి తడిపితే గాని కదలనివారూ ఉన్నారు, అది దాచేది కాదు.

ఈ ఇద్దరినీ వేరుచేసే తూకం ఒక్కటే. జాగ్రత్త కోసం కొర్రీ పెట్టేవారికి దాన్ని రాసివ్వడానికి అభ్యంతరం ఉండకూడదు. లోపాలన్నీ ఒకే చీటీ మీద రాసి, తేదీ వేసి ఇస్తే రైతు ఒక్కసారే అన్నీ తెచ్చుకుంటాడు. గుమాస్తాకూ పదిమందికి పదిసార్లు చెప్పే బాధ తప్పుతుంది. తహశీల్దార్లు ఈ ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. ఖర్చు చీటీ కాగితమే.

మన తప్పూ ఉంది. అర్జీని బంట్రోతు చేతిలో పెట్టి వచ్చేస్తాం. తపాలులో నంబరు పడితేనే అది గుమాస్తా రిజిస్టరులోకి ఎక్కుతుంది, పెండింగు లెక్కలో కనిపిస్తుంది. నంబరు లేని అర్జీ ఇచ్చినట్టే కాదు. 2005 సమాచార హక్కు చట్టం కింద మన అర్జీ ఏమైందో అడగవచ్చు. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

పెద్దాయనను మళ్లీ సోమవారం రమ్మన్నారు. ఈసారి నకలు మీద నంబరు వేయించుకుని, కొర్రీ ఉంటే రాసివ్వమని అడగండి అన్నాను. "అట్టా అడిగితే కోపం వచ్చి ఇంకోటి పెడతాడేమో బాబూ" అంటున్నారు.