సాంఘికశాస్త్రమున సంఘమెక్కడ?

మన పాఠశాలలలో పదవ తరగతి వఱకు బోధింపబడు ఒక విషయమునకు సాంఘికశాస్త్రమని పేరు. అందు చరిత్ర కలదు, భూగోళము కలదు, పౌరశాస్త్రమును అర్థశాస్త్రమును కలవు. సంఘము మాత్రము మిక్కిలి స్వల్పముగ కానవచ్చును. విద్యార్థి ఫ్రెంచి విప్లవమునకు గల కారణములను తడుముకొనకుండ అప్పగింపగలడు. తన యూరి చెఱువు నీరు తొలుత ఎవరి మడికి పాఱునో, ఏల అట్లు పాఱునో వానిని అడుగువారు లేరు. పదవ తరగతి దాటిన బాలబాలికలకు సమాజశాస్త్రమును ప్రత్యేకముగ నేర్పవలెనను కోరిక ఈ లోపమునుండి పుట్టినదే. దానిని మేము మనఃపూర్వకముగ సమర్థింతుము. ఎట్లు నేర్పవలెనన్నదే చిక్కు.

కుటుంబమన నేమి, సమాజమన నేమి అని నిర్వచనములు వల్లెవేయించి, దుర్ఖైము, వెబరుల జన్మసంవత్సరము లడిగి మార్కులు వేయుటయే బోధన యగునేని, ఆ శాస్త్రము లేకుండుటయే మేలు. బట్టీపట్టుటకు మన పిల్లలకు విషయములు కొఱతవడలేదు.

చిత్తూరు జిల్లాలోని శాంతిపురము మండలమును నిదర్శనముగ తీసికొందము. కుప్పమునకు పొరుగున, కర్ణాటక, తమిళనాడుల సరిహద్దులకు చేరువనున్న సీమ యిది. ఇంట ఒక భాష, సంతలో మఱియొకటి, పనిలో వేఱొకటి వినబడుట ఈ ప్రాంతమున వింత గాదు. కుప్పము సీమ కంగుంది జమీను క్రిందనుండి, 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టముతో రైత్వారీలోనికి వచ్చినది. కోలారు బంగారుగనులు 2001లో మూతపడువఱకు ఈ వైపు కూలీలకు అన్నము పెట్టినవి. ఎందఱివో ఊపిరితిత్తులను తినివేసినవి. పిమ్మట పట్టుపురుగులు పలువురిని పోషించినవి. నేడు కుప్పము స్టేషనున బెంగుళూరు రైలెక్కి పనికి పోయి, రాత్రికి ఇల్లు చేరువారెందఱో. జమీను, గని, మల్బరీతోట, రైలు: మూడు తరములలో ఇన్ని మార్పులు జరిగియుండ, సామాజిక పరివర్తనమను అధ్యాయమునకు పరదేశపు ఉదాహరణములను వెదకనేల?

బంధువాచకములతో పాఠము ఆరంభింపవచ్చును. తండ్రి తోబుట్టువును, మేనమామ భార్యయును, భార్య తల్లియును మనకు ముగ్గురును అత్తలే. తండ్రి సోదరుడు చిన్నాయన యగును, పెదనాయన యగును. తల్లి సోదరుడు మాత్రము మామ. ఇంగ్లీషువానికి ఆ సోదరులందఱును అంకుళ్లే. ఈ భేదమేల వచ్చెను? మేనరికము మన వివాహపద్ధతిలో నుండుటచేత, పిల్లనిచ్చు అత్తయు మేనత్తయు ఒక్క మాటలో ఇమిడిరి. చిన్ననాటినుండి తన నోట పలుకుచున్న మాటలో ఒక సంఘనియమము దాగియున్నదని తెలిసిననాడు పిల్లవానికి కలుగు ఆశ్చర్యమే ఈ శాస్త్రమునకు ప్రవేశద్వారము. 1953లో ఇరావతీ కార్వే ప్రకటించిన బంధుత్వ గ్రంథము ఉత్తర దక్షిణ దేశములకు గల ఈ తారతమ్యమును విపులముగ చర్చించినది. గ్రంథము తరువాత చూపవచ్చును. ముందు అత్త చాలును.

విద్యార్థులచేత ఊరిని పరిశీలింపజేయుట క్రొత్త యూహ గాదు. 1916లో మద్రాసు విశ్వవిద్యాలయ అర్థశాస్త్రాచార్యుడు గిల్బర్టు స్లేటరు తన శిష్యులను వారి గ్రామములకు పంపి వివరములు వ్రాయించెను. రెండు దశాబ్దముల పిమ్మట ఆ గ్రామములనే మఱల పరిశీలించిరి గనుక మార్పు ఎంతయో తెలిసినది. మన తెలుగునేలపై శామీర్‌పేటను పరిశీలించి ఎస్.సి. దూబే వ్రాసిన గ్రంథము 1955లో వెలువడినది. 1948లో మైసూరు సీమలోని రాంపురమున కాపురముండి ఎం.ఎన్. శ్రీనివాసు వ్రాసికొన్న సంస్కరించిన ప్రతులు 1970లో అమెరికాలో అగ్నికి ఆహుతి కాగా, ఆయన జ్ఞాపకముపై ఆధారపడి పుస్తకము వ్రాయవలసివచ్చెను. కావున పిల్లల నోటుపుస్తకములను పరీక్ష కాగానే తూకమున కమ్మక, పాఠశాలలో భద్రపఱుపవలెను. పదేండ్లకు అవి ఆ మండలమునకు చరిత్ర యగును.

ఇక అసలు కష్టము. ఊరిని చూచినచో కులము కనబడును. రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినను, దళితవాడ ఊరికి ఏ దిక్కున నున్నది, గుడిలోనికి ఎవరు పోవుదురు, టీ దుకాణమున గ్లాసులెన్ని అను ప్రశ్నలను పిల్లలడుగక మానరు. పంచాయతీ సమావేశమున మహిళాసర్పంచి కుర్చీలో నామె భర్త యేల కూర్చుండెనని ఒక బాలిక యడుగవచ్చును. పదునెనిమిది నిండకముందే తన స్నేహితురాలికి పెండ్లి యేల చేసిరని, 2006 నాటి చట్టమును చేతబట్టుకొని మఱియొక బాలిక యడుగవచ్చును. ఈ పత్రికను చదువు భూస్వాములలో కొందఱికి ఇది రుచింపదని మే మెఱుగుదుము. రుచింపని ప్రశ్నలను తొలగించి రచించిన ప్రణాళిక సమాజశాస్త్రము గాదు, మర్యాదపాఠము.

ఐనను జాగ్రత్త లేకున్న కీడు కలుగును. తరగతిలో ఏ పిల్లవానిని నిలువబెట్టి నీ కులమేదని అడుగరాదు. ఇంటింటి వివరములు వ్రాయునపుడు అనుమతి గొనవలెను; పేర్లు వ్రాయరాదు. ఒకని అప్పును ఊరందఱికి చాటుట పరిశోధన గాదు.

ఇందువలన ఉద్యోగము వచ్చునా యని తండ్రులడుగుదురు. సివిలు సర్వీసు పరీక్షలకు దీనిని ఐచ్ఛికవిషయముగ కోరుకొనవచ్చునని చెప్పి ఊరుకొందము. ముఖ్యమైన ప్రశ్న ఉపాధ్యాయులది. కుప్పమున 1997లో స్థాపింపబడిన ద్రావిడ విశ్వవిద్యాలయము చేరువనే యున్నది. సెలవులలో నెలదినముల శిక్షణ ఏర్పఱచుట దానికి అసాధ్యము గాదు. కేంద్ర విద్యాబోర్డు 11, 12 తరగతుల సమాజశాస్త్రమున 100 మార్కులకు 20 ప్రాజెక్టు పనికి ఉంచినది. మాకు ఇదియు చాలదు; 40 ఉండవలెను.

1984లో కరణీకములు రద్దయినవి. ఆ కాలపు లెక్కలు, శిస్తులు, తగవులు కన్నులార చూచిన వృద్ధులు ఇంకను కొందఱు మన మధ్య నున్నారు. పాత పట్టాలు, గుత్తపత్రములు పెట్టెలలో నున్న రైతులును కలరు. పిల్లలు నోటుపుస్తకముతో వాకిటికి వచ్చిననాడు వారిని కూర్చుండబెట్టి, ఆ పెట్టె తెఱవుడని మా మనవి.