ట్రాక్టరు డ్రైవరు కూలీ కాదా?

జూన్‌లో కాలవలకు నీళ్లు వదిలింది మొదలు నాట్లు పూర్తయ్యేదాకా డెల్టాలో కంటినిండా నిద్రలేని మనిషి ట్రాక్టరు డ్రైవరు. మండపేట నుంచి భీమవరం దాకా ఏ చేలో చూసినా అర్ధరాత్రి అతని బండి దీపం కనబడుతుంది. కాని ఊళ్లో కూలిరేట్ల మాట వచ్చినప్పుడు అతని ఊసు రాదు. నాట్లకింత, కోతకింత, మోతకింత అని గట్టిగా తేల్చుకుంటారు. డ్రైవరు సంగతి వచ్చేసరికి "అది ఆడూ ఆళ్ల కామందూ చూసుకుంటారులే" అని వదిలేస్తారు.

అతనెవరు? చాలాచోట్ల నిన్నటి పాలేరు కొడుకే. తండ్రి ఎడ్లు తోలాడు, కొడుకు స్టీరింగు పట్టాడు. తండ్రికి ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం, కొడుక్కి నెలజీతమో ఎకరానికింత అనో. ఎడ్లు పోయాయి గాని ఇంటి చాకిరీ పోలేదు. పొద్దున్నే పిల్లల్ని కారులో బడికి దింపాలి, మధ్యాహ్నం అమ్మగార్ని రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్లాలి, రాత్రికి దమ్ములో దిగాలి. మూడు పనులకూ జీతం ఒక్కటే.

ఇక మరమ్మతు. దీన్ని పనికింద జమకట్టే కామందు అరుదు. నల్లరేగడి బురదలో నడిచే బండికి రోజూ ఏదో ఒకటి ఉంటుంది. బేరింగుల్లోకి బురదనీళ్లు దిగుతాయి, ఆయిలు కారుతుంది, దమ్ము చక్రాల పట్టీలు వంగిపోతాయి. ఆ ఇనుప చక్రాలతో రోడ్డెక్కితే తారు లేచిపోతుంది, కేసు పెడతారు. అందుకని జాకీ ఎత్తి చక్రాలు విప్పాలి, రబ్బరు టైర్లు బిగించాలి. పక్క ఊరి చేలోకి వెళ్లాక మళ్లీ అదే తంతు. ఒక్కడివల్ల అయ్యే పని కాదు, తమ్ముణ్నో భార్యనో సాయం పిలుచుకుంటాడు. వాళ్లకు కూలి ఎవరిచ్చారు? "అబ్బాయ్, కాస్త ఆ నట్లు బిగించి వెళ్లు" అంటారు కామందుగారు. "అలాగేనండి" అంటాడు. ఆ 'కాస్త' రెండు గంటలు. పానాలు, సుత్తి, గ్రీజుగన్ను తన డబ్బుతో కొనుక్కున్నవాళ్లున్నారు. కామందు కొనిచ్చినచోట ఒక పానా బురదలో పోతే జీతంలో కోత. కొడవలి పోయిందని కూలి కోస్తే ఊరుకుంటామా?

చట్టం సంగతి చూద్దాం. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం ఐదుగురు, అంతకుమించి పనివాళ్లున్న సంస్థలకోసం రాసింది. ఒక ఇంటి ఒక ట్రాక్టరు డ్రైవరుకు అందులో చోటు లేకపోయింది. కాని 1923 నాటి నష్టపరిహార చట్టం షెడ్యూల్లో ట్రాక్టర్లతో సాగుచేసే పని స్పష్టంగా ఉంది. అంటే పనిలో చెయ్యి నలిగినా, బండి తిరగబడి ప్రాణం పోయినా యజమాని పరిహారం ఇచ్చుకోవాల్సిందే. ఆ చట్టాన్ని 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కలిపేశారు. నష్టపరిహారం అధ్యాయం అందులోనూ ఉంది. చిక్కల్లా రుజువు దగ్గరే. హాజరు పుస్తకం లేదు, జీతానికి రసీదు లేదు. "వాడు మా మనిషి కాదండీ, ఆ రోజుకు వచ్చాడు" అంటే కేసు అక్కడే కుంటుపడుతుంది.

ట్రక్కులో కూలీల్ని ఎక్కించమనేది కామందు, బోల్తాపడితే మొదటి కేసు డ్రైవరు మీద. ఇన్సూరెన్సు కంపెనీలేమో లైసెన్సు రకం సరిపోలేదని తప్పించుకునేవి. 7,500 కిలోలు దాటని రవాణా వాహనానికి తేలికపాటి వాహనం లైసెన్సు చాలునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కాబట్టి లైసెన్సు ఉన్నవాడు దాన్ని గడువు దాటకుండా చూసుకోవాలి, లేనివాడిచేత సంఘమే దగ్గరుండి తీయించాలి.

చిన్న రైతు, కౌలురైతు ఇదంతా భరించగలడా అంటారు. అతన్ని అడగమని ఎవరన్నారు? అతను ఎకరానికింతని బాడుగ కట్టేశాడు. ఆ బాడుగ తీసుకున్న బండి యజమానిని అడగాలి. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక పంట విరామం ప్రకటించినప్పుడు, చేలతోపాటు డ్రైవరు పనీ ఆగింది. రైతు కష్టం అతనికి తెలియనిది కాదు.

వచ్చే దాళ్వా కూలిరేట్ల సమావేశానికి ఊళ్లో డ్రైవర్లందరినీ పిలవండి. రాత్రి దమ్ముకు వేరే రేటు, మరమ్మతు గంటలకు కూలి, పానాల ఖర్చు యజమానిదే, నెలనెలా సంతకంతో జీతం చీటీ. ఈ నాలుగూ నాట్ల రేటు రాసే కాగితం మీదే రాయించండి.