కాకి లెక్కలు ఎవరివి?

"వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది, ఇందులో వింతేముంది?" టీవీ చర్చల్లో ఈ మాట అనేసి మీసం మెలేసే పెద్దమనుషులారా, అది మీకు చెప్పిందెవరు? పంచాంగమా? అంటార్కిటికాలో మూడు కిలోమీటర్లకు పైగా మంచును తొలిచి, అందులో చిక్కుకున్న 8 లక్షల ఏళ్ల గాలి బుడగల్ని పరీక్షించినవాళ్లు చెప్పారు. అన్నేళ్లలోనూ కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో సుమారు 300 దాటలేదనీ వాళ్లే చెప్పారు. ఇప్పుడది 420 దాటింది. మొదటి మాటకు చప్పట్లు, రెండో మాటకు చెవుడు!

కంప్యూటర్ నమూనాలంటే కాకి లెక్కలట. కోరిన జవాబు వచ్చేదాకా మీటలు తిప్పుతారట. 1970ల్లో క్లైమాప్ అనే శాస్త్రవేత్తల బృందం సముద్రపు బురదలోని సూక్ష్మజీవుల గుల్లలు లెక్కపెట్టి, సుమారు 20 వేల ఏళ్ల కిందటి మంచుయుగంలో ఉష్ణమండల సముద్రాలు పెద్దగా చల్లబడలేదని తేల్చింది. నమూనాలు అందుకు ఒప్పుకోలేదు. 1990ల్లో బార్బడోస్ పగడాలు, బ్రెజిల్ భూగర్భజలాలు నోరు విప్పాయి: ఉష్ణమండలం 5 డిగ్రీల దాకా చల్లబడిందని. ఆ అంకె సముద్రాలకు కాస్త ఎక్కువేనేమో గానీ, క్లైమాప్ లెక్క మాత్రం నిలవలేదు.

నమూనాలకూ దెబ్బలు తగిలాయి. అమెరికాలో తయారైన సీఈఎస్ఎం2 అనే నమూనాను మంచుయుగంలోకి పంపితే, సాక్ష్యాలకు మించి భూమిని గడ్డకట్టించింది. లోపం మేఘాల లెక్కలో ఉందని పట్టుకుని, తయారుచేసినవాళ్లే బాహాటంగా అచ్చు వేశారు. మీటలు తిప్పే దొంగలు చేసే పనేనా ఇది?

ఇక "ఎప్పుడూ మారుతూనే ఉంది" అన్న మాటకే వద్దాం. గోదావరి కలిసే సముద్రం అడుగున 2006లో గ్యాస్ హైడ్రేట్ల కోసం, అంటే మంచులో చిక్కుకున్న ఇంధన వాయువు కోసం తవ్వారు (అదీ కాల్చుకోవడానికే లెండి). పైకొచ్చిన మట్టిలో వేల ఏళ్లనాటి ఆకుల మైనం దొరికింది. సుమారు 4,000 ఏళ్ల కిందట మొదలై 1,700 ఏళ్ల కిందటి దాకా, గోదావరి పరీవాహక ప్రాంతం మెల్లమెల్లగా నీటి ఎద్దడికి ఓర్చే మొక్కల వశమైందని అది చెబుతోంది. "చూశారా, సహజమే" అంటారు మీరు. సహజమే. రుతుపవనాలు నీరసిస్తే ఈ నేల ఎంతగా ఎండుతుందో చూపించే సాక్ష్యాన్ని తాయెత్తులా మెడలో వేసుకుని ధైర్యంగా తిరుగుతున్నారే, మీ గుండెకు జోహార్లు.

కార్బన్ డయాక్సైడ్‌తో పనే లేదని కూడా అంటారు మీరు. 1985లో వాతావరణ శాస్త్రవేత్తలు స్యుకురో మనాబే, ఆంథొనీ బ్రోకోలీ ఉత్తరాన మంచుయుగపు మహా హిమఫలకాలు మాత్రమే పెట్టి నమూనా నడిపారు. ఉత్తరార్ధగోళం చల్లబడింది, దక్షిణం దాదాపు కదల్లేదు. నేలలో, సముద్రంలో ఉన్న ఆనవాళ్లేమో దక్షిణమూ చల్లబడిందంటున్నాయి. కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గిస్తే గానీ లెక్క దారికి రాలేదు. ఆ వాయువుతో పనే లేదనే మీరు, మీ లెక్కతో దక్షిణాన్ని చల్లబరచి చూపించండి. టీవీలో కాదు, కాగితం మీద.